ఫైబర్ పడవకు పగులు: పడవనూ బాగుచేద్దాం, ఒంటినీ కాపాడుకుందాం



ఆరోగ్య పత్రికలో పడవ మరమ్మతు గురించి పాఠమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే కుటుంబాలకు ఆ సందేహం రాదు. పడవ బాగుంటేనే పొయ్యి వెలుగుతుంది. పగిలిన పడవ నీళ్లలో ముంచుతుంది. ఆ పగులును పూడ్చే మందులు ఒడ్డుమీదే కంటిని, చర్మాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మునిగే ప్రమాదం అందరికీ తెలుసు. ఒడ్డుమీది ప్రమాదం మాత్రం చాలామందికి తెలియదు. కనుక ఈ పాఠంలో రెండింటినీ కలిపి నేర్చుకుందాం.

మన సరస్సు, మన పడవలు

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రానికీ సరస్సుకూ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగా ఉంది. సూళ్లూరుపేట, తడ మండలాల తీరం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి ఇప్పుడు వచ్చింది. దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. కాళంగి, ఆరణి నదులు ఈ సరస్సులో కలుస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. చాలాచోట్ల లోతు మీటరుకు అటూ ఇటూ మాత్రమే.

మన పెద్దలు మానులను తాళ్లతో కట్టి తెప్పలు చేసుకున్నారు. వాటినే తమిళంలో కట్టుమరం అంటారు, అంటే కట్టిన మాను అని అర్థం. ఈ కోరమాండల్ తీరపు తెప్పల గురించి విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఈ మాటే ఇంగ్లీషులోకి వెళ్లి 'క్యాటమరాన్' అయింది. నేడు పాశ్చాత్య దేశాల్లో రెండు పడవ పొట్టలను అడ్డదూలాలతో జతచేసి, తెరచాప ఎత్తి నడిపే ఫైబర్ నౌకను ఆ పేరుతోనే పిలుస్తారు. పేరు మన తీరానిది, పడవ వేరు. కానీ పాతబడిన ఆ నౌకకైనా, మన ఫైబర్ పడవకైనా పగులు వచ్చే తీరు ఒకటే, దాన్ని బాగుచేసే పద్ధతీ ఒకటే.

2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీ తర్వాత ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు ఈ తీరమంతటా ఎన్నో ఫైబర్ పడవలు పంచాయి. తొందరలో కట్టిన వాటి నాణ్యతపై నిపుణులు అప్పట్లోనే ఆందోళన తెలిపారు. ఆ రోజుల నాటి పడవ నేటికీ తిరుగుతూ ఉంటే దాని వయసు ఇరవై ఏళ్లు దాటినట్టే. మనిషికి వయసు మళ్లాక పరీక్షలు చేయించుకోవాలంటాం కదా, పడవకూ అంతే.

పగులు ఎందుకు వస్తుంది?

ఫైబర్ పడవలో మూడు భాగాలున్నాయి. గాజు నూలుతో చేసిన మ్యాట్ బలాన్నిస్తుంది. రెజిన్ అనే జిగురు ఆ నూలును కలిపి గట్టిపరుస్తుంది. పైన నున్నగా కనిపించే రంగు పొరను జెల్‌కోట్ అంటారు. దాని మందం అర మిల్లీమీటరు మాత్రమే. మనకు చర్మం ఎలాగో పడవకు జెల్‌కోట్ అలాగ.

ఫైబర్ కుళ్లదు, చెదలు పట్టదు. అందుకే దానికి చావు లేదని కొందరు అనుకుంటారు. కానీ లోతులేని నీటిలో పడవ అడుగు ఇసుకకు, గుల్లలకు రాసుకుంటుంది. ఒడ్డుకు ఈడ్చినప్పుడు అడుగు అరుగుతుంది. ఇంజన్ బిగించిన వెనుక పలక అదురుకు బీటలిస్తుంది. రెండు పొట్టల నౌకలోనైతే అడ్డదూలాలు కలిసేచోట ఎక్కువ పగుళ్లు వస్తాయి. ఎందుకంటే ఒక్కో అలకు రెండు పొట్టలు రెండు వైపులకు గుంజుకుంటాయి. ఎండ జెల్‌కోట్‌ను సుద్దలాగా చేస్తుంది. చర్మం చిట్లితే లోపలికి మురికి చేరినట్టే, జెల్‌కోట్ చిట్లితే నీరు నూలులోకి చేరుతుంది. అక్కడి నుంచి పడవ లోలోపల బలం కోల్పోతుంది.

ముందు పరీక్ష, తర్వాత వైద్యం

వైద్యుడు రోగి రొమ్ముమీద వేళ్లతో తట్టి శబ్దం వింటాడు. పడవను కూడా అలాగే పరీక్షించవచ్చు. ముందు మంచినీటితో ఉప్పు పోయేటట్టు కడిగి ఆరనివ్వండి. తర్వాత ఒక రూపాయి బిళ్లతో పగులు చుట్టూ తట్టుతూ రండి. బిళ్ల టక్కుమని గట్టిగా పలికితే అక్కడ ఫైబర్ బాగుంది. బొదబొదమని పలికితే పొరలు విడిపోయాయని అర్థం. అంతమేరకు పెన్సిలుతో గీత గీయండి. కంటికి కనిపించే పగులు జానెడైతే, గీసిన గీత మూరెడు కావచ్చు.

సాలెగూడులాంటి సన్నని గీతలు జెల్‌కోట్ వరకే ఉంటే పైపూత సరిపోతుంది. గీతలో గోరు దిగితే, లోపలివైపు కూడా మచ్చ కనిపిస్తే, నొక్కినప్పుడు ఆ చోటు లోనికి ఆడితే, పగులు నూలు దాకా పోయిందన్నమాట. అటువంటి పడవతో నీళ్లలోకి వెళ్లవద్దు. వెనుక పలక, అడ్డదూలపు కీలు, అడుగు వెన్ను విరిగితే అనుభవమున్న ఫైబర్ పనివానికే అప్పగించండి.

పగులుమీద ముద్ద మందు అద్ది, రంగు వేసి పంపడం చాలాచోట్ల జరుగుతోంది. చీము తీయకుండా పుండుమీద కట్టు కట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైకి బాగుంటుంది, లోపల పెరుగుతుంది.

డబ్బాల్లో ఏముంది?

రెజిన్: ఇది తేనెలాగా చిక్కగా ఉంటుంది. దీనిలో స్టైరీన్ అనే ద్రవం కలిసి ఉంటుంది. ఘాటైన ఆ వాసన స్టైరీన్‌దే. దాన్ని పీలిస్తే తలనొప్పి, కళ్ల మంట, వికారం, మత్తు వస్తాయి. మనిషికి కాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో స్టైరీన్‌ను చేర్చింది. ఒక్కరోజు పనికి భయపడనక్కరలేదు. రోజూ పీల్చేవారు మాత్రం తప్పక జాగ్రత్తపడాలి. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, అందుచేత పడవ అడుగున నిలుస్తుంది. 31 డిగ్రీల వేడి దాటితే నిప్పు తగలగానే అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. మన మే నెల ఎండ ఎంతో మీకు తెలుసు.

హార్డ్‌నర్: దీన్నే కొందరు క్యాటలిస్ట్ అంటారు. రెజిన్‌ను గట్టిపరిచే ఈ మందు చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. ఒక్క చుక్క కంట్లో పడితే కార్నియా అనే పారదర్శక పొరను కాల్చి, చూపు శాశ్వతంగా పోగొట్టగలదు.

కోబాల్ట్: ఊదా రంగులో ఉండే ఈ ద్రవం రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలుపుతారు. కోబాల్ట్‌నూ హార్డ్‌నర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయవద్దు. అవి భగ్గుమని మండుతాయి, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలపాలి. ఆ తర్వాతే హార్డ్‌నర్ వేయాలి. కోబాల్ట్ ముందే కలిసిన రెజిన్ కూడా అమ్ముతారు. కొనేటప్పుడే దుకాణంలో అడిగి తెలుసుకోండి.

అసిటోన్: బ్రష్షులు కడిగే ఈ ద్రవం పెట్రోలులాగా అంటుకుంటుంది. దీన్ని కూడా హార్డ్‌నర్‌తో కలపకూడదు.

గాజు నూలు దుమ్ము: గ్రైండర్ పట్టినప్పుడు లేచే తెల్లని దుమ్ము చర్మాన్ని గుచ్చి దురద పెడుతుంది. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులను రాపిడి పెడుతుంది.

పనికి ముందు ఒంటి జాగ్రత్త

డబ్బా మూత తీయకముందే 20 లీటర్ల క్యాను నిండా మంచినీళ్లు పక్కన పెట్టుకోండి. అది తాగడానికి కాదు, కళ్లు కడగడానికి. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోండి. చలువ కళ్లద్దాలు చాలవు.

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు. దుమ్ముకు ఎన్-95 మాస్కు వాడండి. అయితే ఎన్-95 మాస్కు రెజిన్ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు డబ్బీ బిగించే మాస్కు కావాలి. అది దొరకనివారు ఆరుబయట, గాలి పక్కనుంచి వీచేటట్టు నిలబడి పని చేయాలి. పడవ పొట్టలోకి దూరి ఒంటరిగా పని చేయవద్దు.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఆసుపత్రిలో వాడే పలుచని లేటెక్స్ గ్లౌజులు రెజిన్‌కు నిలవవు. నిండు చేతుల చొక్కా తొడుక్కోండి. బీడీ, సిగరెట్, పొయ్యి దగ్గరలో ఉండకూడదు. ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు దగ్గరుంచుకోండి. తడి నేలమీద గ్రైండర్ వాడవద్దు. అతుకుల వైరుతో కరెంటు తీసుకోవద్దు.

మరమ్మతు క్రమం

1. ఆరబెట్టడం: తడి ఫైబర్‌కు రెజిన్ అంటదు. పడవను బోర్లించి, వానపడని చోట కొన్ని రోజులు ఆరనివ్వండి. మూసి ఉన్న గదుల్లో నీరు ఉంటే పూర్తిగా తీసేయండి.

2. చెడింది తీసేయడం: పెన్సిలు గీత లోపల బొదబొదలాడే పొరలన్నీ గ్రైండర్‌తో గట్టి ఫైబర్ తగిలేవరకు తీసేయండి. తర్వాత అంచులను వాలుగా, పళ్లెం ఆకారంలో అరగదీయండి. పడవ గోడ మందం ఎంతో, దానికి పన్నెండింతలు వాలు ఉండాలి. గోడ 5 మిల్లీమీటర్లుంటే రెండువైపులా 60 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడు వేళ్ల వెడల్పు. అతుకు పట్టు నిలిచేది ఈ వాలుమీదే. దీన్ని తగ్గిస్తే అతుకు ఊడుతుంది.

3. శుభ్రం: దుమ్ము దులిపి, అసిటోన్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. అది పూర్తిగా ఎగిరిపోనివ్వండి. అవతలివైపు రంధ్రం పడితే మైనం రాసిన అట్టను ఆనించి నిలపండి.

4. కొలత: కిలో రెజిన్‌కు హార్డ్‌నర్ 10 నుంచి 20 గ్రాములు. ఎండాకాలంలో 10 గ్రాములు, అంటే సుమారు 9 మిల్లీలీటర్లు చాలు. 'అర మూత, ముప్పావు మూత' అనే లెక్కలు వద్దు. గీతలున్న చిన్న ప్లాస్టిక్ గ్లాసును ఈ పనికే వేరుగా ఉంచండి. హార్డ్‌నర్ ఎక్కువైతే రెజిన్ వేడెక్కి పొగలు కక్కుతుంది, పెళుసవుతుంది. మరీ తక్కువైతే ఎన్నాళ్లయినా గట్టిపడదు. ఒకసారికి పావుకిలో, అరకిలో మాత్రమే కలపండి.

5. పొరలు వేయడం: చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ ఒక పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. 5 మిల్లీమీటర్ల గోడకు ఐదు పొరలు కావాలి. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల రెజిన్ పడుతుంది. ముందు రెజిన్ పూసి, దానిమీద మ్యాట్ పరచి, బ్రష్షుతో పొడిచినట్టు అద్దండి. తెల్లగా కనిపించేచోట గాలి చిక్కుకుని ఉంది. రోలర్‌తో ఆ గాలిని బయటకు తోస్తే మ్యాట్ గాజులాగా మారుతుంది. ఒకేసారి మూడు నాలుగు పొరలకు మించవద్దు. వేడి తగ్గాక మిగిలినవి వేయండి. వీలైతే లోపలివైపు కూడా రెండు పొరలు వేయండి.

6. పైపూత: ఒక రోజు ఆగి, ఉప్పు కాగితంతో నునుపు చేసి జెల్‌కోట్ పూయండి. చివరి పూతలో మైనం ద్రావణం కలిపితే పైన జిగట లేకుండా గట్టిపడుతుంది. నీళ్లలోకి దింపే ముందు వీలైనన్ని రోజులు, వారమైతే మరీ మంచిది, ఆరనివ్వండి. తర్వాత మళ్లీ రూపాయి బిళ్లతో తట్టి చూడండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. మరమ్మతులకు ఈ తీరిక కలిసివస్తుంది. కాకపోతే అవే మండుటెండల రోజులు. కాబట్టి రెజిన్ పని తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక నీడపట్టున చేసుకోండి.

మిగిలిపోయిన రెజిన్‌ను డబ్బాలో వదిలేస్తే అది ఉడికిపోయి మంటలు రావచ్చు. ఇసుకమీద పలుచగా పరచండి. హార్డ్‌నర్ తుడిచిన గుడ్డలు వాటంతట అవే రాజుకోగలవు. వాటిని నీళ్ల బకెట్‌లో వేయండి. మిగిలినదేదీ సరస్సులో పారబోయవద్దు. ఆ చేపలను, రొయ్యలను తినేది మన పిల్లలే.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

కంట్లో హార్డ్‌నర్ పడితే: క్షణాల్లో కడగడం మొదలుపెట్టాలి. ఆటో కోసం, డాక్టరు కోసం ఆగవద్దు. మనిషిని పడుకోబెట్టి, రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని, ముక్కువైపు నుంచి చెవివైపుకు నీళ్లు ధారగా పోస్తూ ఉండండి. కనీసం 20 నిమిషాలు కడగాలి. కన్ను నలపవద్దు. తల్లిపాలు, ఆముదం, తేనె, ఇంట్లో మిగిలిన చుక్కల మందు ఏదీ వేయవద్దు. తర్వాత 108కి ఫోను చేసి కంటి వైద్యుడున్న ఆసుపత్రికి వెళ్లండి. దారిలో కూడా కడుగుతూనే ఉండండి. మంట తగ్గిందని ఇంటివద్ద ఉండిపోవద్దు.

చర్మంమీద పడితే: తడిసిన బట్టలు విప్పి సబ్బుతో, ఎక్కువ నీటితో కడగండి. అసిటోన్‌తో చేతులు కడుక్కోవద్దు. అది చర్మంలోని నూనెను తీసేసి పగుళ్లు, దద్దుర్లు తెస్తుంది. వేడి రెజిన్‌తో కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి.

దుమ్ము దురదకు: గోకవద్దు, రుద్దవద్దు. ధారగా చన్నీళ్లు పోసుకోండి. మిగిలిన నూలుపోగులను అంటుకునే టేపు ఒత్తి తీయండి.

ఆవిరికి కళ్లు తిరిగితే: వెంటనే గాలి తగిలేచోటికి తీసుకురండి. పడవ పొట్టలో ఎవరైనా స్పృహ తప్పితే ఒంటరిగా లోనికి దూకవద్దు. కేకవేసి సాయం పిలిచి, బయటకు లాగండి. ఇద్దరు పడిపోతే కాపాడేవారు ఉండరు.

పొరపాటున తాగితే: వాంతి చేయించవద్దు. నోరు కడిగి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటి తల్లులకు ఒక మాట

హార్డ్‌నర్‌ను చిన్న సీసాల్లో విడిగా కొని తెస్తుంటారు. నీళ్లలాగే కనిపించే ఆ మందును నీళ్ల సీసాలో గానీ, కూల్‌డ్రింకు సీసాలో గానీ పోయనివ్వవద్దు. అది వచ్చిన ప్లాస్టిక్ సీసాలోనే, ఎండ తగలనిచోట, పిల్లలకు అందనంత ఎత్తున, వంటగదికి దూరంగా ఉంచండి. ఖాళీ రెజిన్ డబ్బాలను నీళ్లకు, బియ్యానికి వాడవద్దు.

పని చేసి వచ్చిన మనిషి బయటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఆ తర్వాతే పిల్లలను ఎత్తుకోవాలి. ఆ బట్టలను విడిగా ఉతకండి. చంటిపిల్లల గుడ్డలతో కలిపితే గాజు నూలు వాటికి అంటుతుంది. గర్భిణీ స్త్రీలు, ఉబ్బసం ఉన్నవారు, పిల్లలు రెజిన్ పని జరిగేచోట ఉండకూడదు.

కొన్ని అపోహలు, నిజాలు

"ఇన్నేళ్లుగా ఉత్త చేతులతోనే చేస్తున్నాం, ఏమీ కాలేదు." చర్మానికి అలర్జీ ఏళ్ల తర్వాత కూడా మొదలవుతుంది. కంటి ప్రమాదానికైతే ఒక్క రోజు చాలు.

"వాసన అలవాటైపోయింది, ఇక ప్రమాదం లేదు." ముక్కుకు వాసన తెలియడం మానేసింది, అంతే. ఆవిరి తగ్గలేదు.

"పాలు తాగితే దుమ్ము కడుపులోకి దిగిపోతుంది." దుమ్ము చేరేది ఊపిరితిత్తుల్లోకి. పాలు వెళ్లేది కడుపులోకి. మాస్కుకు బదులు పాలు పనిచేయవు.

"పడవ గట్టిది, లైఫ్ జాకెట్లు ఎందుకు?" 2011 డిసెంబర్ 25న పండుగనాడు విహారానికి వెళ్లిన కుటుంబాల పడవ ఇదే పులికాట్ సరస్సులో తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. పరిమితికి మించి జనం ఎక్కారని, లైఫ్ జాకెట్లు లేవని అప్పట్లో వార్తలు వచ్చాయి. పగులు ఎంత బాగా అతికినా ఎక్కే మనుషుల లెక్క తప్పకూడదు. ప్రతి ఒక్కరికీ జాకెట్ ఉండాలి.

పాఠం మననం చేసుకుందాం

1. రూపాయి బిళ్లతో తట్టినప్పుడు బొదబొదమని పలికితే అర్థమేమిటి?
2. కిలో రెజిన్‌కు ఎండాకాలంలో ఎంత హార్డ్‌నర్ వేయాలి?
3. ఏ రెండు ద్రవాలను నేరుగా కలిపితే పేలవచ్చు?
4. కంట్లో హార్డ్‌నర్ పడితే మొదట చేయవలసిన పని ఏమిటి? ఎంతసేపు?
5. మీ ఇంట్లో హార్డ్‌నర్ సీసా ఇప్పుడు ఎక్కడ ఉంది?

అయిదవ ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో లేదు. పత్రిక పక్కన పెట్టి, లేచి వెళ్లి చూడండి. చదవడం రాని పొరుగువారికి, ముఖ్యంగా ఫైబర్ పనికి వెళ్లే కుర్రవాళ్లకు, ఈ పాఠాన్ని చదివి వినిపించండి. పగిలిన పడవకు మళ్లీ అతుకు వేసుకోవచ్చు. పోయిన చూపుకు అలాంటి అతుకు లేదు.